ఆడి గెలిచినవారి మద్దెల

"ఆడలేక మద్దెల ఓడు" అన్న సామెతలో తెలుగువాడు ఓటమికీ సాకుకూ మధ్య ఉన్న చుట్టరికాన్ని మూడే మాటల్లో తేల్చివేశాడు. చిందు తప్పినవాడు వాద్యాన్ని నిందిస్తాడని, ఆ నింద విన్నవారు వాద్యాన్ని పరీక్షించనక్కరలేదని, పాదాల వైపు చూస్తే చాలునని దాని భావం. ఇక్కడ "ఓడు" అంటే పగిలినది, పనికిరానిది అని అర్థమైనా, అదే మాట క్రియగా నిలిచినప్పుడు పరాజయం పొందడమని అర్థమిస్తుంది గనుక, చెడిన మద్దెలా ఓడిన మనిషీ ఒకే శబ్దంలో చెవిన పడతారు. అయితే ఈ సామెతకు లొంగని సందర్భం ఒకటి ఆటల లోకంలో తరచుగా ఎదురవుతుంది. చక్కగా ఆడి, గెలిచి, చప్పట్లు అందుకున్న తరువాత కూడా మద్దెల ఓడే అని పట్టుబట్టే మనిషి ఒకడున్నాడు; తన జట్టు గెలిచిన రాత్రి గోల్స్ గురించి పావుగంట మాట్లాడి, రిఫరీ ఏకపక్షంగా ఉన్నాడని రెండు గంటలు వాదించే ఫుట్‌బాల్ అభిమానియే అతడు. ఓడినవాడి ఫిర్యాదుకు కారణం వెతకవలసిన పని లేదు. గెలిచినవాడి ఫిర్యాదు మాత్రం కూర్చుని ఆలోచించదగిన వస్తువు.

హైదరాబాదుకు ఉత్తరాన, 44వ నంబరు జాతీయ రహదారి మేడ్చల్‌ను దాటి నాగపూర్ దిక్కుగా సాగే చోట ఉన్న అత్వెల్లిలోనూ, దాని చుట్టుపక్కల ఊళ్లలోనూ, ఆటల తగవులకు వాడే పదజాలం ఫుట్‌బాల్ నుంచి పుట్టినది కాదు. ఈ మైదానాలను ఏలేది క్రికెట్టు, ఆ తరువాతనే కబడ్డీ, వాలీబాల్. అందువల్ల తీర్పు చెప్పే మనిషి ఏ ఆటలో నిలబడినా జనం నోట "అంపైర్" గానే ఉంటాడు, ఫుట్‌బాల్‌లో ఆ పనికి రిఫరీ అన్న వేరే పేరున్నదని తెలిసినవారు సైతం కోపం వచ్చినప్పుడు ఆ పేరు మరిచిపోతారు. నియమం తప్పి ఆడడాన్ని, తప్పిన సంగతి తెలిసీ బుకాయించడాన్ని కలిపి చెప్పే "తొండి" అన్న మాట ఆటగాడికి చెందుతుంది. తీర్పరికి చెందేది "వాళ్ల దిక్కున్నడు" అన్న చిన్న వాక్యం. గ్రంథాలలో వాడే "పక్షపాతం" కూడా చెప్పేది ఇదే: పక్షం అంటే వైపు, పాతం అంటే పడడం, ఒక వైపుకు ఒరిగి పడడమే పక్షపాతం. ఊరి మాటలోనూ శాస్త్రపు మాటలోనూ ప్రశ్న ఒక్కటే, మనిషి ఎటు ఒరిగాడన్నది. డబ్బు తీసుకుని ఒరిగాడా, భయపడి ఒరిగాడా, తెలియకనే ఒరిగాడా అన్న విచారణ ఈ రెండు మాటలలోనూ లేదు. కోపంలో ఉన్న అభిమాని ఆ విచారణను ఒక్క క్షణంలో ముగించి "అమ్ముడుపోయిండు" అనడం వేరే విషయం.

గల్లీ క్రికెట్టులో అంపైరుగా నిలబడేది చాలాసార్లు బ్యాటింగ్ చేస్తున్న జట్టువాడే, అవుటై వచ్చినవాడో, ఇంకా తన వంతు రానివాడో. అతడు తనవారి వైపే మొగ్గుతాడని ఎదుటివారికి తెలుసు, తమ వంతు వచ్చినప్పుడు తామూ అదే చేస్తామని కూడా తెలుసు, కాబట్టి తగవు ఎంత పెరిగినా ఆట మళ్లీ మొదలవుతుంది. బంతి కాలికి తగలకపోయి ఉంటే వికెట్లను పడగొట్టేదా అని ఊహించి చెప్పవలసిన ఎల్బీడబ్ల్యూ తీర్పును ఈ ఆటలో ముందే తీసివేయడం వెనుక గొప్ప వివేకం ఉంది. ఊహ మీద ఆధారపడిన తీర్పును ఎదుటి జట్టు మనిషి చేతిలో పెట్టకూడదన్నది పదేళ్ల పిల్లలకు కూడా తెలిసిన రాజ్యాంగ సూత్రం. ఇది పల్లె పద్ధతి, మోటు పద్ధతి అని తీసిపారేయడానికి వీల్లేదు. 19వ శతాబ్దపు ఇంగ్లండులో ఫుట్‌బాల్ సరిగ్గా ఇలాగే నడిచింది: ప్రతి జట్టూ తన అంపైరును తానే తెచ్చుకునేది, ఆటగాళ్లు అడిగితేనే ఆ ఇద్దరూ నోరు విప్పేవారు, ఇద్దరికీ పొసగనప్పుడు తగవును మైదానం బయట ఉన్న మూడో మనిషికి నివేదించేవారు, అలా నివేదన అందుకునేవాడు గనుక అతడికి రిఫరీ అన్న పేరు వచ్చింది. 1891లో నియమాలు మారి రిఫరీ మైదానం లోపలికి వచ్చాడు, అంపైర్లిద్దరూ గీత పక్కకు జరిగి లైన్స్‌మెన్ అయ్యారు, పెనాల్టీ కిక్ కూడా ఆ ఏడాదే ఆటలో చేరింది.

ఇక్కడ పదాల చరిత్ర ఒక చిన్న చమత్కారం చేసింది. అంపైర్ అన్న మాటకు మూలం పాత ఫ్రెంచిలో "జత కానివాడు" అన్న అర్థమున్న పదం; ఇద్దరి తగవులో ఏ జతకూ చెందక మిగిలిన మూడోవాడు అన్నమాట, సరి బేసి లెక్కలో చెబితే బేసి మనిషి. జట్టుకొకరుగా వచ్చిన పాతకాలపు అంపైర్లు సరి మనుషులే తప్ప బేసి మనుషులు కారు. నిజమైన బేసివాడు రిఫరీ. కాబట్టి ఫుట్‌బాల్ రిఫరీని అంపైర్ అని పిలిచే అత్వెల్లి కుర్రవాణ్ణి సరిదిద్దబోయే పట్నపు పండితుడు ధాత్వర్థం విషయంలో తానే తప్పులో ఉంటాడు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. తన జట్టు అంపైరు తన జట్టు వైపే ఉన్నాడని ఎవరూ ఫిర్యాదు చేయరు, ఎదుటి జట్టు అంపైరు ఎదుటివారి వైపున్నాడని ఆశ్చర్యపోరు; ఆ మొగ్గు ఆ పదవిలోనే ఉన్నది. బేసి మనిషిని లోపలికి తెచ్చి, అతడు ఎటూ ఒరగడని ఆట మాట ఇచ్చిన నాటినుంచే ఒరగడం నేరమైంది. నిష్పక్షపాతమనే వాగ్దానం ముందు వచ్చింది, పక్షపాతమనే అభియోగం దాని వెంట వచ్చింది.

గెలిచినవారి ఫిర్యాదుకు ఈ ప్రాంతపు అభిమానికి అందుబాటులో ఉన్న మేలైన ఉదాహరణ 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా స్టేడియంలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. పుణె జట్టు స్థానంలో 2019లో లీగ్‌లోకి వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ, స్పెయిన్ దేశపు కోచ్ మనోలో మార్కెజ్ శిక్షణలో ఆ రోజు కేరళ బ్లాస్టర్స్‌తో తలపడింది. కోవిడ్ కారణంగా ఆ సీజన్ అంతా ప్రేక్షకులు లేకుండా గోవాలోనే జరిగింది. ఫైనల్‌కు మాత్రం తలుపులు తెరిచేసరికి కేరళ అభిమానులు పసుపు సముద్రంలా వచ్చి పడ్డారు. రెండు జట్ల సొంత రంగూ పసుపే, లీగ్ పట్టికలో పైన ఉన్న హైదరాబాదుకు ఆ రోజు పసుపు దక్కింది, కేరళ నల్ల చొక్కాలతో దిగింది; ఆ విధంగా పసుపు ధరించిన వేల మంది, పసుపు ధరించిన జట్టు ఓడిపోవాలని కేకలు వేసిన వింత దృశ్యం ఏర్పడింది. 68వ నిమిషంలో రాహుల్ కె.పి. కేరళకు గోల్ చేశాడు, 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతితో హైదరాబాద్ సమం చేసింది, అదనపు సమయంలోనూ తేలకపోవడంతో పెనాల్టీ షూటౌట్ వచ్చింది. షూటౌట్ అంటే రెండు జట్లూ వంతులవారీగా గోల్‌కీపర్ ఒక్కడినే ఎదుర్కొంటూ తలా ఐదు కిక్కులు కొట్టే పద్ధతి.

ఆ షూటౌట్‌లో హైదరాబాద్ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి, కేరళ ఆటగాడు నిషు కుమార్ కొట్టిన కిక్కును ఆపిన వెంటనే, అది చెల్లదని, మళ్లీ కొట్టాలని తీర్పు వచ్చింది. కిక్ కొట్టే క్షణంలో గోల్‌కీపర్ పాదాలలో ఒకదాని కొంత భాగమైనా గోల్ గీత మీదనో దానికి సమరేఖలోనో ఉండాలన్నది అప్పటి నియమం. కట్టిమణి ముందే గీత వదిలాడన్నది అభియోగం. ఈ లీగ్‌లో అప్పటికి వీడియో సహాయ రిఫరీ పద్ధతి లేదు, అంటే దృశ్యాన్ని వెనక్కి తిప్పి చూసి తీర్పు సవరించే ఏర్పాటు లేదు; అధికారుల కంటికి కనిపించినదే చట్టం. నిషు కుమార్ మళ్లీ కొట్టాడు, కట్టిమణి మళ్లీ ఆపాడు. లెక్కలో మూడు ఆపినట్టు నమోదైన ఆ రాత్రి అతడు చేతులతో ఆపినవి నాలుగు. 3-1తో హైదరాబాద్ విజేత అయింది.

ఈ ఒక్క సంఘటనలో గెలిచినవారి ఫిర్యాదు స్వరూపమంతా ఇమిడి ఉంది. ఆ తీర్పు సరైనదే అనుకుంటే, కట్టిమణి ఒక పొరపాటు చేసి దాన్ని దిద్దుకున్నాడు. ఆ తీర్పు తప్పు, పైగా కావాలని చెప్పినది అనుకుంటే, కట్టిమణి కేరళ జట్టునూ, స్టేడియం నిండిన కేకలనూ, ఈలను కూడా ఓడించాడు. జరిగిన పని ఒక్కటే, కాని రెండో కథలో దాని విలువ రెట్టింపవుతుంది. ఓడినవాడికి పక్షపాతం ఓటమిని తగ్గించి చూపే సాధనమైతే, గెలిచినవాడికి అదే గెలుపును పెంచి చూపే సాధనం. పురాణం చెప్పే పౌరాణికుడు నాయకుడి గొప్పతనం కోసం ప్రతినాయకుడికి వరాలిప్పించినట్టు, అభిమాని తన జట్టు గొప్పతనం కోసం ఎదుటి పదకొండు మందికి పన్నెండోవాణ్ణి చేర్చిపెడతాడు. హిరణ్యకశిపుడికి వరాలు లేకపోతే నరసింహావతారానికి పని లేదు.

అయితే ఇదంతా గొప్ప కోసం అల్లిన అబద్ధమేనా అంటే, కాదనే చెప్పాలి. అభిమాని అబద్ధం చెప్పడు, అతడికి నిజంగానే అలా కనిపిస్తుంది. దీనికి ఆధారం అమెరికాలో జరిగిన ఒక పాత పరిశీలన, అది కూడా గెలిచినవారి ఫిర్యాదుతోనే మొదలైంది. 1951 నవంబరులో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ విశ్వవిద్యాలయాల మధ్య జరిగినది మన ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతులతో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. ప్రిన్స్‌టన్ 13-0తో గెలిచింది, ఆ సీజన్‌లో ఒక్క ఆటా ఓడకుండా నిలిచింది. కాని దాని తార డిక్ కాజ్‌మేయర్ ముక్కు పగిలి మైదానం విడిచాడు, ఆ తరువాత డార్ట్‌మత్ ఆటగాడొకడికి కాలు విరిగింది. గెలిచిన ప్రిన్స్‌టన్ విద్యార్థి పత్రిక ఎదుటివారి మొరటుతనం మీద నిప్పులు చెరిగింది. ఆల్బర్ట్ హాస్టార్ఫ్, హ్యాడ్లీ కాంట్రిల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఆ ఆట ఫిల్మును రెండు చోట్లా విద్యార్థులకు చూపించి, కనిపించిన తప్పులను లెక్కపెట్టమన్నారు. డార్ట్‌మత్ ఆటగాళ్లు చేసిన తప్పులు డార్ట్‌మత్ విద్యార్థులకు సగటున 4.3 కనిపించగా, ప్రిన్స్‌టన్ విద్యార్థులకు 9.8 కనిపించాయి, ఫిల్ము ఒక్కటే. ఆ ఫిల్మును దూరప్రాంతంలో చూసిన డార్ట్‌మత్ పూర్వ విద్యార్థి ఒకరు, తాను విన్న ఘోరాలు తెర మీద కనిపించకపోయేసరికి ముఖ్యమైన భాగాలు కత్తిరించి పంపారని అనుమానించి తంతి కొట్టాడు. 1954లో ప్రచురించిన వ్యాసంలో ఆ ఇద్దరు పరిశోధకులూ తేల్చినదేమంటే, ఒకే ఆటను రెండు వర్గాలు రెండు రకాలుగా వ్యాఖ్యానించడం కాదు, ఆ రెండు వర్గాలూ చూసినవి రెండు ఆటలు.

ఈ సంగతి తెలుగు భాషకు ముందే తెలిసినట్టుంది. అభిమాని అన్న మాటలోని అభిమానం ఇవాళ ప్రేమ, ఆదరం అన్న అర్థంలో చెల్లుతున్నా, సాంఖ్య దర్శనంలో అది అహంకారానికి లక్షణం. కంటికి కనిపించినదాన్ని "ఇది నాది, ఇది నా కోసం" అని తనకు తగిలించుకునే వ్యాపారం పేరు అభిమానం. అభిమాని చూపుకు ఒరుగు ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు, అది ఆ పేరులోనే ఉన్నది. సినిమా హీరోకు, పార్టీ నాయకుడికి, ఆటల జట్టుకు ఒకే మాటను వాడే భాష ఈ విషయంలో పొదుపు పాటించలేదు, సత్యమే పలికింది.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి రిఫరీలందరూ త్రాసు ముల్లులా నిటారుగా ఉంటారని అనుకుంటే అది మరో పక్షపాతం. 2002లో అచ్చయిన ఒక ఇంగ్లండు పరిశోధనలో అలన్ నెవిల్, ఆయన సహచరులు, లివర్‌పూల్ సొంతగడ్డ మీద లెస్టర్ జట్టుతో ఆడిన ఆట నుంచి 47 ఘట్టాలను ఏరి 40 మంది అర్హత గల రిఫరీలకు చూపించారు. కొందరు ప్రేక్షకుల హోరుతో చూశారు, కొందరు శబ్దం లేకుండా చూశారు. హోరు విన్నవారు సొంతగడ్డ జట్టు మీద ఇచ్చిన ఫౌళ్లు, హోరు విననివారు ఇచ్చిన వాటికంటె 15.5 శాతం తక్కువ. అక్కడ లంచం లేదు, బెదిరింపు లేదు, ఓడినా గెలిచినా వారికి పోయేదేమీ లేదు. చెవిలో పడిన శబ్దమే మనసును అంగుళం ఒరిగించింది. "వాళ్ల దిక్కున్నడు" అన్న ఊరి వాక్యం ఇక్కడ అక్షరాలా ఒప్పు, "అమ్ముడుపోయిండు" అన్నది అక్షరాలా తప్పు. ఫతోర్దాలో హోరంతా కేరళ వైపు ఉన్నది గనుక హైదరాబాద్ అభిమాని అనుమానానికి ఈ పరిశోధన కొంత ఊతమిస్తుంది. కాని ఆ ఊతంతోనే, తన జట్టు గచ్చిబౌలిలో తనవారి హోరు మధ్య ఆడినప్పుడు దక్కిన అనుకూలాన్ని కూడా అతడు లెక్కలో వేసుకోవాలి. గెలిచినవారి ఫిర్యాదు నిజాయితీకి పరీక్ష ఇదొక్కటే: తమవైపు పడిన ఈలలు ఎన్నో అదే గొంతుతో చెప్పగలరా? చెప్పినవారు అరుదు.

అత్వెల్లికి తూర్పున, శామీర్‌పేటలో, ఈ ప్రశ్ననే వృత్తిగా చదివించే చోటు ఒకటి ఉన్నది. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం. న్యాయశాస్త్రంలో పక్షపాతమన్నది తిట్టు కాదు, నిర్వచనం గల దోషం; తన వ్యవహారంలో తానే తీర్పరి కారాదన్నది దానికి మూలసూత్రం. 1969 నాటి క్రైపాక్ కేసులో, అటవీ సేవకు అభ్యర్థులను ఎంపిక చేసే మండలిలో ఒక అభ్యర్థి కూడా సభ్యుడై ఉన్నాడు. తన పేరు వచ్చినప్పుడు లేచి వెళ్లినా, మిగిలినవారి పేర్లు వచ్చినప్పుడు కూర్చున్నాడన్న కారణంగా సుప్రీంకోర్టు ఆ ఎంపికను కొట్టివేసింది. 1987 నాటి రంజిత్ ఠాకూర్ కేసు మరో అడుగు ముందుకు వేసింది. ఒక సైనికుడు ఏ అధికారి మీద ఫిర్యాదు చేశాడో ఆ అధికారే అతణ్ణి విచారించే సైనిక న్యాయస్థానంలో కూర్చున్నాడు. అప్పుడు న్యాయస్థానం చెప్పినదేమంటే, తీర్పరి తన మనసులోకి చూసుకుని "నాలో పక్షపాతం ఉందా" అని అడగడం కాదు, ఎదుట నిలబడినవాడి మనసులోకి చూసి, అతడికి అనుమానం కలగడం సమంజసమా అని అడగాలని. ఇది విన్న అభిమాని ఎగిరి గంతేయవచ్చు. అనుమానం కలిగినవాడి మనసే కొలమానమైతే అతడంత సమర్థుడైన సాక్షి దొరకడు.

కాని అదే శాస్త్రం అతడి ఉత్సాహానికి పదేళ్లు కాదు, ముప్పై ఏళ్ల ముందే కళ్లెం వేసి పెట్టింది. 1957 నాటి మాణక్ లాల్ కేసులో, ఒక న్యాయవాది మీద వచ్చిన అభియోగాన్ని విచారించిన మండలి అధ్యక్షుడు, అంతకుముందు ఎదుటి పక్షం తరఫున వాదించినవాడు. దోషం నిజమేనని సుప్రీంకోర్టు ఒప్పుకున్నది. అయినా ఆ న్యాయవాది విచారణ మొదట్లోనే ఆ సంగతి తెలిసీ అభ్యంతరం చెప్పకుండా, తీర్పు తనకు అనుకూలంగా వస్తుందేమోనని వేచి చూసి, ప్రతికూలంగా వచ్చాక నోరు విప్పాడు గనుక, అభ్యంతరం చెప్పే హక్కును వదులుకున్నట్టేనని తీర్పు చెప్పింది. అవకాశాన్ని పరీక్షించుకున్నాక ఆక్షేపణ చెల్లదన్నమాట. ఓడిన న్యాయవాదికే ఈ గతి పట్టినప్పుడు గెలిచినవాడి మాట చెప్పేదేమున్నది? తీర్పు వల్ల నష్టపోయినవాడే అప్పీలుకు అర్హుడన్నది న్యాయస్థానాల సాధారణ రీతి. డిక్రీ చేతికి వచ్చిన తరువాత, న్యాయమూర్తి తన మీద ద్వేషంతోనే ఈ డిక్రీ ఇచ్చాడని ఎక్కే కోర్టు ఏదీ లేదు. గెలిచినవాడు అప్పీలుకు వెళ్లగల న్యాయస్థానం లోకంలో ఒక్కటే, అది చాయ్ హోటలు బల్ల.

ఓడినవాడి ఆక్షేపణకు మైదానంలో వెల కూడా ఉంటుంది. 2023 మార్చి 3న బెంగళూరులో జరిగిన అదే లీగ్ నాకౌట్ ఆటలో, కేరళ ఆటగాళ్లు సర్దుకోకముందే బెంగళూరు జట్టు ఆటగాడు సునీల్ ఛెత్రీ కొట్టిన ఫ్రీ కిక్కును రిఫరీ గోల్‌గా ఒప్పుకోవడంతో, కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ తన జట్టును మైదానం నుంచి బయటికి పిలిచాడు. ఆ నిష్క్రమణకు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య విధించిన జరిమానా 4 కోట్ల రూపాయలు, కోచ్‌కు పది ఆటల నిషేధం. కేరళవారి ఆక్షేపణ తప్పో ఒప్పో, దానికి వారు సొమ్ము చెల్లించారు. గెలిచినవారి ఆక్షేపణ పైసా ఖర్చు లేనిది. చెల్లించేదేమీ లేదు, కోరేదీ ఏమీ లేదు. అందుకే అది సాక్ష్యంగా తేలిపోతుంది, అలంకారంగా నిలుస్తుంది.

హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రలో ఇటువంటి అలంకారం అవసరపడని గెలుపులు చాలా ఉన్నాయి. బడి పంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పును వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఆ రహీం సాబే కోచ్‌గా 1962 సెప్టెంబరు 4న జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో భారత జట్టు 2-1తో దక్షిణ కొరియాను ఓడించినప్పుడు, స్టేడియం మొత్తం భారత్ మీద మండిపడుతున్నది. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానీయకపోవడాన్ని భారత ప్రతినిధి జి.డి. సోంధీ తప్పుపట్టడం ఆ ఆగ్రహానికి కారణం. ఆ గెలుపును చెప్పుకునేవారు ప్రేక్షకుల ద్వేషాన్ని చెబుతారు, తల మీద కుట్లతో ముందుకు వచ్చి ఆడిన జర్నైల్ సింగ్‌ను చెబుతారు. అంతటి ప్రతికూలత కళ్లెదుట ఉన్నప్పుడు రిఫరీని ప్రతినాయకుడిగా కల్పించుకోవలసిన పని వారికి పడదు. రహీం సాబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడు. బూట్లు విప్పిన తరువాత అతడు ఈల అందుకుని అంతర్జాతీయ రిఫరీ అయ్యాడు, 1988లో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్పులో ఆ బాధ్యత నిర్వహించాడు. దేశంలోకెల్లా పేరుగాంచిన కోచ్ ఇంట్లోంచి బేసి మనిషి ఒకడు పుట్టాడన్న సంగతి, ఆ కోచ్‌ను తలచుకునే అభిమానులలో కొద్దిమందికే గుర్తున్నది. రిఫరీని మరిచిపోవడమే అతడికి దక్కే మెచ్చుకోలు అనుకుంటే ఇది న్యాయమే కావచ్చు.

గెలిచినవాడి ఫిర్యాదుకు నిజంగా విలువ వచ్చే ఘడియ ఒకటున్నది, అది గెలుపు తరువాత, కాని వచ్చే ఆటకు ముందు; అప్పుడు అడిగినదానికి వెల చెల్లించవలసి రావచ్చు గనుక. అటువంటి ఉదాహరణ ఫుట్‌బాల్‌లో కాదు, అత్వెల్లి మైదానాలకు బాగా తెలిసిన క్రికెట్టులో దొరుకుతుంది. ఒకప్పుడు టెస్టులకు ఆతిథ్యమిచ్చే దేశపు అంపైర్లే నిలబడేవారు, అందువల్ల సొంతగడ్డ మీద ఎవరు గెలిచినా ఆ గెలుపుకు అనుమానపు మసి అంటేది. పాకిస్తాన్ కెప్టెన్ ఇమ్రాన్ ఖాన్ రెండు దేశాలకూ చెందని తటస్థ అంపైర్లు కావాలని పట్టుబట్టినవాడు. 1986లో వెస్టిండీస్ జట్టు వచ్చినప్పుడు ఫైసలాబాద్‌లో మొదటి టెస్టు పాకిస్తానీ అంపైర్లతోనే జరిగింది, రెండో ఇన్నింగ్స్‌లో వెస్టిండీస్‌ను 53 పరుగులకు కూల్చి పాకిస్తాన్ 186 పరుగులతో గెలిచింది. గెలిచిన ఏర్పాటును కదిలించడానికి ఏ కారణమూ లేని ఆ సమయంలో, నవంబరు 7న లాహోర్‌లో మొదలైన రెండో టెస్టుకు భారతదేశం నుంచి ఇద్దరు అంపైర్లను పిలిపించారు. ఒకరు పీలూ రిపోర్టర్, మరొకరు వి.కె. రామస్వామి. తరువాతి కాలంలో క్రికెట్ అంతా ఆ బాట పట్టి, 1994 నుంచి ప్రతి టెస్టుకు ఒక తటస్థ అంపైరును, 2002 నుంచి ఇద్దరినీ తటస్థులనే నియమించింది. లాహోర్‌లో పాకిస్తాన్ 131, 77 పరుగులకు అవుటై, మూడో రోజే ఇన్నింగ్స్ 10 పరుగుల తేడాతో ఓడిపోయింది. రామస్వామి హైదరాబాదువాడు.